కులాసా యను మాటయు, ఎముకల బలిమియు

ఉత్తరము వ్రాయునప్పుడు మనవారు మొదట వ్రాయు మాట “ఇచ్చట మేమందరము కులాసా” యని. శ్రీకాకుళము, ఘంటసాల, చల్లపల్లి ప్రాంతములలో కుశలమడిగిన నెవ్వరైనను చెప్పు ప్రత్యుత్తరమును ఇదియే. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. “మీ యారోగ్యమెట్లున్నది?” అని జనుల నడిగి, కొన్ని యేండ్లు వారిని కనిపెట్టి చూచిన పరిశోధకులు, బాగులేదన్నవారిలో మరణములు ఎక్కువగా నుండుటను పలుదేశములలో గనుగొనిరి. మనుష్యుని దేహము అతనికి చాలవరకు తెలియును.

ఎముకల విషయమున మాత్రము ఈ సాక్ష్యము చాలదు. ఎముక పలుచబడుట నొప్పిలేని మార్పు. చెదపట్టిన దూలము పైకి నిండుగానే కనబడును. బరువు పడిన నాడుగాని సంగతి తెలియదు. సుమారు 30 ఏండ్లవరకు గట్టిపడు ఎముక తరువాత మెల్లగా తరుగును. స్త్రీలకు ముట్లుడిగిన పిదప కొన్ని యేండ్లు ఆ తరుగుదల వేగిరపడును. కులాసాగా నాట్లు వేయుచున్న యిల్లాలు గట్టుమీద జారిపడి మణికట్టు విరుగగొట్టుకొనుట మనకు క్రొత్త కాదు. “కాలము బాగులేదు” అని సరిపెట్టుకొందుము.

బాగులేదను మాటను మాత్రము శ్రద్ధతో వినవలయును. ఒంట్లో బాగులేనివారు తక్కువగా తిందురు, తక్కువగా నడతురు. బరువు మోయని యెముక బలము కోల్పోవును. తుంటి విరిగి మంచమెక్కినవారికి అంతవరకు నున్న కులాసాయు పోవును.

మన తెలుగునాటనే దీనికి నిదర్శనములు గలవు. తిరుపతి వైద్యులు ఆరోగ్యవంతులనుకొన్న దక్షిణదేశీయులను పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. ఎండలో పనిచేయు గ్రామస్థులకు పట్టణవాసులకన్న డి విటమిను మెరుగుగా నున్నను, ఆహారములోని సున్నపు ధాతువు, అనగా కాల్షియము, ఇరువురకును తక్కువగానే యుండెను. 2005లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు పేదకుటుంబముల స్త్రీలయందును ఇట్టి కొరతనే, దానితోపాటు తక్కువ యస్థిసాంద్రతను గనుగొనిరి. ఎండలో నుండువారము గనుక మనకేమి భయమనువారు ఈ సంగతి నెరుగవలయును.

సాంద్రత ఎక్కువైనంతమాత్రమున మేలనుకొనుటయు పొరబాటే. 1937లో నాటి నెల్లూరు జిల్లా ఫ్లోరైడు నీటి గ్రామములలో షార్టు మొదలగు వైద్యులు చూచిన రోగుల యెముకలు మిక్కిలి చిక్కనివి. వారి వెన్ను మాత్రము వంగక బిగిసిపోయియుండెను.

ఇక మన పళ్లెము సంగతి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా వరిమయమైనది. మరపట్టిన బియ్యము 100 గ్రాములలో కాల్షియము 10 మిల్లీగ్రాములకు మించదు. అంతే తూకము రాగులలో, అనగా మన చోళ్లలో, సుమారు 350 మిల్లీగ్రాములుండును. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలయునని 2020లో భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించినది. పాలు కేంద్రమునకు పోసి, ఇంట మజ్జిగ పలుచన చేసికొను కుటుంబములు ఈ లెక్క నొకమారు చూచుకొనవలయును. చోడిసంకటి, నువ్వులు, తోటకూర కొదువగల వస్తువులు కావు. తినువారికి బందరు తీరమున ముల్లుతోకూడ నమలదగిన ఎండు నెత్తళ్లును గలవు.

ఎముక సాంద్రతను కొలుచు ఎక్స్‌రే యంత్రములు పెద్ద పట్టణములలో నున్నవి. అందరును పరుగెత్త నక్కరలేదు. ముట్లుడిగినవారు, చిన్న పాటుకే ఎముక విరిగినవారు, కీళ్లనొప్పులకో ఉబ్బసమునకో స్టెరాయిడు మాత్రలు చిరకాలము మ్రింగినవారు కులాసాగా నున్నను వైద్యునడుగవలయును. వైద్యుడు చెప్పక ఆ మాత్రలను హఠాత్తుగా మానరాదు. ఇంటి ద్వారబంధముమీద పెద్దవారి యెత్తును గీతపెట్టి, తేదీ వ్రాసి యుంచుడు. ఆ గీతకు ఒకటిన్నర యంగుళము దిగినయెడల వెన్నుపూస నలిగియుండవచ్చును, నొప్పి యేమియు లేకున్నను.