చిన్న కుక్కలలో మోకాటి చిప్ప జారుట

వరి, కొబ్బరి, పాడి సంగతులు చదువు రైతులకు కుక్క కాలి గొడవ ఏల యని కొందరికి తోచవచ్చును. చేపల చెరువు గట్టుపైన, కొబ్బరి తోటలోను కాపలా కాయునది ఊరకుక్కయే. దాని కాళ్లకు సాధారణముగా ఈ జబ్బు రాదు. కాని నేడు గోదావరి డెల్టాలో భీమవరము మొదలు అమలాపురము వరకు ఏ ఊరికి పోయినను, పక్కా యిండ్లలో పొమరేనియన్, పగ్, లాసా వంటి చిన్న జాతి కుక్కలు కనబడుచున్నవి. (మనవారు పొమరేనియన్ అని పిలుచు తెల్లకుక్కలలో చాల భాగము ఇండియన్ స్పిట్జ్ అను వేరు జాతివి.) వీని మోకాటికి వచ్చు ఒక చిక్కును గురించి యజమానులు తెలిసికొనుట అవసరము. తెలియక చేయు వైద్యము వలన, జబ్బు వలన కలుగు దానికంటె ఎక్కువ కీడు కలుగుచున్నది.

కుక్క చక్కగా పరుగెత్తుచుండును. ఉన్నట్టుండి ఒక వెనుక కాలు పైకెత్తి, మూడు కాళ్లమీద నాలుగడుగులు గెంతును. తరువాత కాలు ఒకసారి విదలించి, ఏమియు జరుగనట్లే మరల పరుగెత్తును. ముల్లు గ్రుచ్చుకొన్నదేమోయని అరికాలు వెదకిన ఏమియు కనబడదు. ఇట్లు పలుమార్లు జరిగినచో, మోకాటి చిప్ప జారుచున్నదని అనుమానింపవలెను.

ముందుగా మోకాలు ఏదో తెలియవలెను. పశువునకు ముందు కాలిలో వంగు చోటును మనము మోకాలు అందుము. నిజమునకు అది మనిషి మణికట్టుతో సమానము. అసలు మోకాలు వెనుక కాలికి పైభాగమున, డొక్కకు దగ్గరగా ఉండును. దాని క్రింద వెనుకకు పొడుచుకొని కనిపించు కీలు మన మడమ వంటిది. మోకాటి చిప్ప పని తెలిసికొనుటకు నూతి గిలకను తలచుకొనిన చాలును. తొడ ముందరి కండ తాడు వంటిది. తొడ ఎముక చివర నున్న గాడి గిలక గాడి వంటిది. తాడు నడుమ కట్టిన చిన్న ఎముకయే చిప్ప. కాలు చాచినపుడును ముడిచినపుడును చిప్ప ఆ గాడిలో పైకి క్రిందికి జారుచుండవలెను. గాడి లోతు చాలకున్నను, తాడు వంకరగా లాగినను, చిప్ప గట్టుదాటి ప్రక్కకు పోవును. చిన్న కుక్కలలో అది ఎక్కువగా లోపలి వైపునకే, అనగా రెండవ కాలి వైపునకే జారును.

ఎద్దులకును గేదెలకును మోకాటి చిప్ప జబ్బు వచ్చుట మీలో కొందరు చూచియుందురు. పశువు లేచి నడువబోవునపుడు వెనుక కాలు కొయ్యవలె బిగిసి వెనుకకు చాగిపోవును. గిట్ట కొన నేలపై రాచుకొని, పిమ్మట కాలు ఒక్క ఉదుటున ముందుకు వచ్చును. అక్కడ చిప్ప ప్రక్కకు పోదు, పైన చిక్కుకొనును. పశువైద్యుడు చోటు మొద్దుబార్చి, లోపలి వైపు బంధనమును కోసినచో, చాలవరకు పశువు వెంటనే మామూలుగా నడచును. ఇది చూచిన రైతు తన కుక్కకును అదే “చిన్న కోత” చాలునని తలచుట సహజమే. కాని కుక్కలో చెడినది ఒక్క బంధనము కాదు, గాడియు, ఎముకల వరుసయు. అందుచేత చికిత్స కూడ వేరు.

ఈ లోపము చాలవరకు పుట్టుకతో వచ్చు నిర్మాణములోనే యుండి, పిల్ల పెరుగుచుండగా బయటపడును. వైద్యులు దీనిని నాలుగు దశలుగా చూతురు. మొదటి దశలో చేతితో నెట్టిననే చిప్ప జారి, వదలగానే తిరిగి గాడిలో పడును. రెండవ దశలో తనంతట తానే జారి, తిరిగి వచ్చుచుండును. పైన చెప్పిన గెంతు ఈ దశలో బాగుగా కనబడును. మూడవ దశలో చిప్ప ఎక్కువ కాలము ప్రక్కనే యుండును, నెట్టిన లోనికి వచ్చును. నాలుగవ దశలో నెట్టినను రాదు. అప్పుడు కుక్క మోకాళ్లు వంచి, కుంగినట్లు నడచును. ఎదుగు పిల్లలో చిప్ప ఎల్లప్పుడు ప్రక్కనే యున్నచో ఎముకలు వంకరగా పెరుగును. కనుక పిల్ల కుంటుచున్న “పెద్దదైన తరువాత చూతము” అని ఆగరాదు.

ఇక చేయరానివి. వాతలు పెట్టరాదు. వెదురుబద్దలతో బిగించి కట్టరాదు, కట్టు వలన గాడి లోతు కాదు. అన్నిటికంటె ముఖ్యము, మనుష్యుల నొప్పి బిళ్లలు వేయరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును. పారాసెటమాల్ మోతాదు మించిన కాలేయమును, రక్తమును పాడుచేయును. అయిదు కిలోల కుక్కకు మనిషి బిళ్ల ఎంత పెద్దదో తలచి చూడవలెను. (డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడుట రాబందుల చావు కారణముగా 2006లో మన దేశమున నిషేధింపబడిన సంగతి తెలిసినదే.) కుక్కలకు తగిన నొప్పి మందులు వేరుగా కలవు. వానిని పశువైద్యుడు బరువు చూచి యిచ్చును.

కుంటు కుక్క కెల్ల చిప్పయే జారెనని అనుకొనరాదు. గోమార్లు పట్టిన కుక్కకు జ్వరముతో కీళ్లు వాచి, ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకొక కాలు కుంటవచ్చును. ఏడాది లోపు చిన్న జాతి పిల్లలలో తొడ ఎముక తలకు రక్తము చాలక తుంటి క్షీణించు జబ్బు కలదు. వట్టి అన్నము మీదనో, వట్టి మాంసము మీదనో పెంచిన పిల్లలకు సున్నము చాలక ఎముకలు మెత్తబడి కాళ్లు వంగును. పొడుగు నడుము, పొట్టి కాళ్లు గల డాష్‌హండ్ ఒక్కసారిగా వెనుక కాళ్లు ఈడ్చినచో, దోషము కాలిలో కాదు, వెన్నులో. దానిని కదపక పలకమీద పరుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. ఇంకొక హెచ్చరిక. కాళ్లు పడిపోవుటతోపాటు దవడ వ్రేలాడి చొంగ కారుచున్నచో, అది రేబిస్ కావచ్చును. గొంతులో ఎముక ఇరుక్కొన్నదని నోటిలో చేయి పెట్టరాదు. చొంగ గాయమునకు తగిలినను, కుక్క కరచినను, సబ్బు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ రోజే టీకా వేయించుకొనవలెను.

మొదటి దశలోను, బాధ లేని రెండవ దశలోను శస్త్రచికిత్స లేకయే చాల కుక్కలు గడుపుకొనును. ఇందులో యజమాని పనియే ఎక్కువ. బరువు తగ్గించుట ప్రధానము. ప్రక్కలపై చేయి వేసిన ప్రక్కటెముకలు తేలికగా వ్రేళ్లకు తగులవలెను. ఇంటిల్లిపాదియు తలొక ముద్ద పెట్టుచు, పైన పూతరేకు కూడ రుచి చూపుచుండిన, ఆ మోకాలు ఏ వైద్యునికిని లొంగదు. నున్నని టైల్సు, గ్రానైటు నేలపై చాపయో గోనెయో పరచవలెను. గోళ్లును, అరికాలి మెత్తల నడుమ వెండ్రుకలును కత్తిరించవలెను. మంచము మీదనుండి, మోటారు సైకిలు టాంకు మీదనుండి దూకనీయరాదు. కాని కట్టిపడవేయుట మంచిది కాదు. తొడ కండ గట్టిగా నుండుటకు పొద్దున, సాయంకాలము గట్టు మట్టిపై కొంత దూరము మెల్లగా నడిపింపవలెను.

మూడవ, నాలుగవ దశలకును, తరచు బాధపడు రెండవ దశకును శస్త్రచికిత్సయే మార్గము. గాడిని లోతుచేయుదురు. తాడు అంటుకొన్న ఎముక మొటిమను ప్రక్కకు జరిపి బిగింతురు. వదులైన వైపు బిగించి కుట్టుదురు. ఇది పశువుల పాకలో చేయు పని కాదు. మీ పశువైద్యుడు ఎక్స్‌రే చూచి, గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల వంటి చోటికి వ్రాసి యివ్వగలడు. తరువాత ఆరు నుండి ఎనిమిది వారములు పరుగు, దూకుడు లేకుండ గొలుసు చేతబట్టి మాత్రమే నడిపింపవలెను. పిల్లలున్న ఇంటిలో ఇదియే కష్టమైన భాగము.

ఈ జబ్బున్న కుక్కను, కాలు బాగుచేయించిన పిమ్మట కూడ, ఈతకు కట్టరాదు. శస్త్రచికిత్స ఆ కుక్క కాలిని సవరించును గాని, పిల్లలకు పోవు లోపమును కాదు. కుక్కపిల్లను కొనునపుడు దూడకు తల్లి పొదుగు చూచినట్లే, తల్లిని మట్టినేలపై పరుగెత్తించి, వెనుకనుండి దాని నడక చూడవలెను. తల్లిని చూపనివాని వద్ద కొనరాదు.