మందు అయితే నవ్వుతాం.. గంజాయి అయితే దాచేస్తాం!

మా పిన్నిది ధవళేశ్వరం. బాబాయ్ మందు సంగతి ఆ వీధి వీధంతటికీ తెలుసు. చెప్పింది వేరెవరో కాదు, ఆవిడే. రామపాదాల రేవు దారిలో ఎవరైనా పలకరిస్తే చాలు, "ఏముందండీ, సాయంత్రమైతే సీసా, పొద్దున్నైతే మజ్జిగ" అని నవ్వించేస్తుంది.

అదే పిన్ని పోయిన వేసవిలో నాకు ఫోన్ చేసి, పక్క గదిలోకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడింది. "తమ్ముడి బ్యాగులో ఏదో పొట్లం దొరికిందిరా. ఎండుటాకులా ఉంది. ఒక్కసారి రా. ఎవరికీ చెప్పకు."

వెళ్లాను. గంజాయే. వాడికి ఇరవై ఏళ్లు, ఇంజినీరింగ్ మూడో ఏడు. మొదట్లో శనివారాలు, తర్వాత రోజూ. బాబాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే "మన వంశంలో ఇలాంటివి లేవు" అని అరుస్తున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ వారమే నా క్లాస్‌మేట్ ఒకడు జపాన్ నుంచి సెలవు మీద వచ్చాడు. నగోయా దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. సాయంత్రం బ్యారేజీ మీద నడుస్తూ, పేర్లు చెప్పకుండా విషయం కదిపాను. "అక్కడ ఈ గోలే లేదురా, ఎవడూ ముట్టుకోడు" అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో జపాన్ గురించి చదువుతూ కూర్చున్నాను.

వాడన్నదాంట్లో నిజం ఉంది. జపాన్‌లో జీవితంలో ఒక్కసారైనా గంజాయి రుచి చూసినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరని అక్కడి సర్వేలు చెబుతున్నాయి. అలాగని వాళ్లకి ఆ మొక్క పరాయిదేం కాదు. ఆలయాల్లో కట్టే పవిత్రమైన తాళ్లని ఆ నారతోనే పేనేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, దేశం అమెరికా సైన్యం చేతిలో ఉండగా, 1948లో నిషేధ చట్టం వచ్చింది. దగ్గర ఉంచుకుంటే నేరమే గానీ పీల్చినందుకు విడిగా శిక్ష ఉండేది కాదు. 2024 డిసెంబరు నుంచి దానికీ శిక్ష పెట్టారు, ఏడేళ్ల దాకా జైలు.

చట్టం కన్నా జనం చూపే గట్టిది. అక్కడి స్కూళ్లలో, స్టేషన్లలో కనిపించే నినాదం "దామే. జెత్తాయ్." అంటే "వద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు." 1980ల్లో టీవీలో వచ్చిన ప్రకటన ఇంకా ఘాటు: ఆ మత్తుమందు మానేస్తారా, లేక మనిషిగా ఉండటమే మానేస్తారా అని అడిగింది.

2019లో పియెర్ తాకీ అనే నటుడు, గాయకుడు కొకైన్ కేసులో అరెస్టయ్యాడు. అతని బృందం పాటల్ని అమ్మకాల నుంచి తీసేశారు. అతను నటించిన వీడియో గేమ్ అమ్మకం ఆపేశారు. 'ఫ్రోజెన్'లో మంచుబొమ్మ ఓలాఫ్ గుర్తుందా? జపనీస్‌లో దాని గొంతు ఇతనిదే. ఆ గొంతునీ మార్చేశారు. 2023లో నిహోన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బులో కొందరు కుర్రాళ్ల మీద గంజాయి కేసులు పడ్డాయి. చివరికి 1940లో పుట్టిన ఆ క్లబ్బునే ఎత్తేశారు. తప్పు చేయని ఆటగాళ్ల సంగతేంటి అంటే, వాళ్లూ వీధిన పడ్డట్టే.

మన దగ్గర 2017లో డ్రగ్స్ కేసులో సినిమావాళ్లని ఎక్సైజ్ సిట్ పిలిచి ప్రశ్నిస్తే టీవీల ముందు కూర్చుని చూశాం. తర్వాత మన మానాన మనం సినిమాలకి వెళ్లాం.

తమాషా ఏంటంటే, ఆ జపాన్‌లోనే మందు ఇరవై నాలుగు గంటలూ కిరాణా షాపుల్లో దొరుకుతుంది. ఆఫీసు అయ్యాక బాసుతో కలిసి తాగడం మర్యాద. మర్నాడు ఇదంతా చెబితే నా ఫ్రెండ్ ఒప్పుకున్నాడు. "మరి గంజాయితో దొరికినవాడు ఏమవుతాడ్రా?" అనడిగాను. కాసేపు గోదావరి వైపు చూశాడు. "మా పక్క సెక్షన్‌లో ఒకడుండేవాడు. ఒక సోమవారం నుంచి రాలేదు. మంగళవారానికి లాకర్ ఖాళీ. ఇప్పటిదాకా వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు."

నాకు తమ్ముడు గుర్తొచ్చాడు. అప్పటికే పిన్ని వాణ్ణి హైదరాబాద్‌లో చుట్టాలింటికి పంపాలని చూస్తోంది, ఏదో కోర్సు అని చెప్పి. అంటే మనమూ లాకర్ ఖాళీ చేస్తున్నట్టేగా! తులసివనంలో గంజాయి మొక్క అనడం మనకు తెలుసు. ఆ మొక్క మన పెరట్లోనే కనిపిస్తే ఏం చెయ్యాలో మటుకు తెలియదు.

మన వైపు దొరక్కపోవడం అంటూ లేదు. ఏజెన్సీ నుంచి బయల్దేరిన సరుకు రాజమండ్రి మీదుగా పోతూ పట్టుబడటం మామూలు వార్త. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం వచ్చింది, ఫిర్యాదుకి 1972 నంబరుతో. ఇదంతా సరుకు మీద యుద్ధం. మరి సరుకు చేరిపోయిన ఇంటికి?

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే దానికో తలుపుంది, సెక్షన్ 64ఎ. కొద్దిపాటి మత్తుమందుతోనో, వాడినందుకో కేసు పడ్డ బానిస తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకి చేరితే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే అదీ పోతుంది. కేసే లేనివాడు డాక్టరు దగ్గరికెళ్లడం అసలు నేరమే కాదు. పిన్నికి ఇది చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆవిడ భయం జైలు కాదు. "రేపు వీడికి పిల్లనెవరిస్తార్రా?"

14446కి ఫోన్ చేశాం. అది మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. చివరికి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. గంజాయి మాన్పించే మాత్రంటూ ప్రత్యేకంగా లేదట, మాటలతో చేసే చికిత్సే అసలు. మొదటి రెండు వారాలు వాడికి నిద్ర లేదు, అన్నం సయించలేదు, ముట్టుకుంటే కసురుకున్నాడు. మధ్యలో ఒకసారి మళ్లీ కాల్చాడు. ఆ సంగతి వాడే వచ్చి చెప్పాడు. పిన్ని కొట్టలేదు.

వీధిలో మాత్రం "అబ్బాయికి పంటి నొప్పి" అని చెప్పింది. నాలుగోసారి వెళ్లేటప్పుడు ఆటో అతను అద్దంలోంచి చూసి అడిగాడు, "ఎప్పుడూ పెద్దాసుపత్రికేనా అమ్మా? ఏం నలతండీ బాబుకి?"

పిన్ని నా వైపు చూసింది. తర్వాత వాడి వైపు చూసింది. "గంజాయి అలవాటైందండి. మాన్పిస్తున్నాం."

అతను ఏమీ అనలేదు. ఆసుపత్రి గేటు దగ్గర డబ్బులు తీసుకుంటూ, తల పైకెత్తకుండా అడిగాడు.

"ఆ డాక్టరు గారు ఏయే వారాల్లో ఉంటారమ్మా?"