తేలికపాటి డేరా: బరువు లెక్క

డేరా, ఖైమా, కనాతు, షామియానా: ఈ మాటలన్నీ మన కళాశాలలో ఉర్దూ చదివేవారికీ తెలుగు చదివేవారికీ ఉమ్మడి సొత్తు. అయితే వీపున మోసుకొని కొండ ఎక్కదగినది వీటిలో ఒక్కటీ లేదు. అందుకు తగినది టార్పాలిన్ పట్టా. మన రైతులు ధాన్యపు రాశులపై కప్పేది ఇదే. పూర్వం నావికులు కాన్వాసు గుడ్డకు తారు పూసి వానకు అడ్డుగా వాడుకొనేవారు. ఆ తారే పేరులో మిగిలినది. శిబిరాలకూ కొండ నడకలకూ వెళ్లే విద్యార్థుల కొరకు గుడారాలు కొనవలెనా, పట్టాలు కొనవలెనా అన్న ప్రశ్న ఈ సంవత్సరం మా ముందుకు వచ్చినది. మా సమాధానం పట్టాలే. కాని ఒక షరతు ఉన్నది.

మొదట మా తప్పు ఒకటి చెప్పుకోవలెను. మూసీనది పుట్టిన అనంతగిరి కొండల దిగువన ఒక సెప్టెంబరు రాత్రి విద్యార్థులతో బస చేసినాము. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల నీలిరంగు ప్లాస్టిక్ పట్టాను షామియానా వలె నాలుగు మూలలా సమంగా కట్టించినది మేమే. షామియానా ఎండ కొరకు పుట్టినదన్న సంగతి మాకు తోచలేదు. తొమ్మిది చదరపు మీటర్ల గుడ్డపై ఒక్క మిల్లీమీటరు వాన పడితే తొమ్మిది లీటర్ల నీరు. పది మిల్లీమీటర్లు పడి నిలిచిపోతే తొంబది లీటర్లు, అనగా తొంబది కిలోలు. నడిమి భాగం కడవ వలె జారి, ఒక మూల రింగు చినిగి, ఆ నీరంతా నిద్రపోతున్నవారిపై పడినది. తెల్లవారిన తరువాత అందరూ పట్టాను నిందించినారు. పాపం, దాని దోషం ఏమీ లేదు.

ఇక బరువు సంగతి. గుడ్డ బరువును చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. పాతకాలపు కాన్వాసు నాలుగువందల గ్రాములనుకొంటే, పై కొలత పట్టా 3,600 గ్రాములు తూగుతుంది. బజారులో దొరికే 120 గ్రాముల ప్లాస్టిక్ పట్టా 1,080 గ్రాములు. సిలికాన్ పూసిన పలుచని నైలాన్ 45 గ్రాములదైతే మొత్తం 405 గ్రాములే; చిన్న మూట అవుతుంది. అయితే నైలాన్ తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవలసి ఉంటుంది. పాలిస్టరు అంతగా సాగదు. ప్లాస్టిక్ పట్టా గాలికి చప్పుడు చేస్తుంది, మడతకు లొంగదు, ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పెళుసుబారుతుంది. ధర చూస్తే మాత్రం నైలాన్‌కూ దానికీ పోలికే లేదు.

తేలిక నడకను కొనియాడేవారు అమెరికాకు చెందిన ఎమ్మా గేట్‌వుడ్‌ను తలుస్తారు. ఆమె 1955లో, 67 ఏళ్ల వయస్సులో, మూడువేల కిలోమీటర్లకు మించిన అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచి ముగించినది. ఆమె మూటలో గుడారం లేదు. దుప్పటి, స్నానపు గది ప్లాస్టిక్ తెర ఉండినవి. ఆమె ధైర్యానికి సలాము చేయవలసిందే. కాని దారిలో ఎందరో ఇంట చోటిచ్చినారు. బాట వెంట కప్పుగల విడిదులు కూడా ఉండినవి. ఆ మూటను చూచి మన మూట కట్టుకోరాదు.

ఎందుకనగా మన నేల వేరు. పట్టాకు పైకప్పే గాని అడుగూ లేదు, గోడలూ లేవు. దోమలు, తేళ్లు ఎట్లాగూ ఉన్నవి. వాటికంటె భయపడవలసినది కట్లపాము. అది రాత్రివేళ తిరుగుతుంది. నేలపై నిద్రించేవారిని కాటు వేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండనందున చాలమంది కాటును గుర్తించరు. విషం కొన్ని గంటలలో ఊపిరిని స్తంభింపజేయగలదు. అంచులు పడక క్రిందికి గట్టిగా దోపిన దోమతెర దీనికి మంచి అడ్డు. కావున మన దేశంలో పట్టా బరువంటే దోమతెర, క్రింద పరచే గుడ్డ, తాళ్లు, మేకులు కలిపిన బరువే. మేము చెప్పిన షరతు ఇది.

ఆ విధంగా లెక్క కట్టి చూచినాము. ఇద్దరికి దోమతెర, క్రిందిగుడ్డ, తాళ్లు, మేకులు అన్నీ కలిపి సుమారు ఒక కిలో. నైలాన్‌తో మొత్తం 1,405 గ్రాములు, ప్లాస్టిక్‌తో 2,080. తేడా తలకు 340 గ్రాములలోపే. మూడోవంతు లీటరు మంచినీళ్లంత. ఇంత తేడా కొరకు పేద విద్యార్థి చిన్నబుచ్చుకోనక్కరలేదు.

కట్టే విధానం మాత్రం నేర్చుకోవలెను. రెండు చెట్ల నడుమ తాడు బిగించి, పట్టాను ఇంటికప్పు వలె ఇరువైపులా వాలుగా దించి, గాలి వచ్చే వైపును నేలకు దగ్గరగా కట్టవలెను. రింగు ఊడిన మూలలో గులకరాయి ఉంచి, గుడ్డతో చుట్టి, దాని మెడకు తాడు వేస్తే రింగుకంటె గట్టిగా నిలుస్తుంది. తాడు వెంబడి నీరు లోనికి పాకకుండా పట్టాకు వెలుపల ఒక నూలు పోగు వ్రేలాడదీస్తే నీరు అక్కడే చుక్కలుగా రాలుతుంది. క్రిందిగుడ్డ పట్టా అంచులు దాటరాదు; దాటితే అదే చెరువు అవుతుంది. వాగు గర్భంలో, పల్లంలో పడక వేయరాదు. పట్టా పిడుగును ఆపదు. ఉరుములు వినగానే పక్కా కట్టడంలోనికో, మోటారు బండిలోనికో చేరవలెను.

కళాశాల సంఘం వారికి మేము వ్రాసి ఇచ్చిన జాబితాలో నైలాన్ లేదు. ప్లాస్టిక్ పట్టాలు విద్యార్థుల ఇండ్లలో కొన్ని ఉన్నవి, మిగిలినవి మెల్లగా కొనవచ్చును. దోమతెరలు మాత్రం వచ్చే శిబిరానికి ముందే కావలెను.