మీకు తెలుసా? నక్షత్రాల నడుమ ఉన్న అణువు పేరు చెప్పేది ప్రయోగశాలే

నక్షత్రాల మధ్యా, వాటి చుట్టూ 300కు పైగా రకాల అణువులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఈ ఘనత ఒక్క టెలిస్కోపుది కాదు. టెలిస్కోపు వర్ణపటంలోని గీతలను మాత్రమే చూపుతుంది. అవి ఏ అణువు వేలిముద్రలో తేల్చాలంటే, అదే అణువు వర్ణపటాన్ని భూమ్మీద కొలిచి పోల్చాలి. అరవై కార్బన్ పరమాణువుల బంతి ధనావేశంతో అంతరిక్షంలో ఉందని 1994లోనే ఊహించినా, 2015లో స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల దాని వర్ణపటాన్ని అతిశీతల స్థితిలో కొలిచాకే గట్టి రుజువు దొరికింది.

లక్షల ఏళ్లు సాగే అంతరిక్ష చర్యలను గదిలో ఎలా చూడగలమన్న సందేహం సబబే. ఆ కాలాన్ని, ఆ పలుచదనాన్ని ఏ గదీ పూర్తిగా తేలేదు. కానీ అణువు ఏ తరంగదైర్ఘ్యాల కాంతిని పీల్చుకుంటుందో నిర్ణయించే భౌతిక నియమాలు ఎక్కడైనా ఒక్కటే. కాలం కొరతను తీవ్రమైన అతినీలలోహిత కాంతి కొంత తీరుస్తుంది. 2002లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ ప్రయోగశాల అంతరిక్షపు మంచును పోలిన మంచుపై ఆ కాంతిని ప్రసరింపజేసి, మిగిలిన పదార్థంలో 16 అమైనో ఆమ్లాలను గుర్తించింది.

వర్ణపటాలను కొలిచే ఈ విద్య మనకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు తరతరాలుగా చదువుకుంటున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు బలమైన పునాది వేశారు. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే ఉత్తరాంధ్ర విద్యార్థులారా, నక్షత్రాల నడుమ రసాయన శాస్త్రానికి మీ చదువే తొలిమెట్టు. ఆ దారిన సాగండి.