గండికోటలో సముద్రపు ఒడ్డు

పిల్లలూ! సంక్రాంతి సెలవులు వస్తే మీరేం చేస్తారు? జేజి చేసిన నిప్పట్లు తింటారు, పొద్దెక్కేదాకా నిద్రపోతారు, సెలవులు ఇంకా రెండు రోజులున్నాయనగా చెయ్యవలసిన లెక్కలు జ్ఞాపకం తెచ్చుకుంటారు. అవునా?

పులివెందుల నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ శీతకాలపు సెలవులు క్రిస్మసుకు వస్తాయి. ఒక ఏడు ఆ సెలవుల్లో అతను భార్యనూ పిల్లలనూ కారులో ఎక్కించుకొని, సరిహద్దు దాటి మెక్సికో దేశంలోకి పోయి, సాన్ ఫెలిపె అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున గుడారం వేసుకొని నాలుగు రాత్రులు గడిపాడు. ఉత్తరాన మంచు కురిసే ప్రాంతాలవాళ్ళు చాలామంది చలికాలం రాగానే ఇలాగే దక్షిణానికి దిగి, మెక్సికో తీరాన విడిది చేస్తారు. కొందరు నెలల తరబడి ఉండిపోతారు కూడా.

అతను నాకు పెద్ద జాబు రాసి, ఫోటోలు పంపాడు. సాన్ ఫెలిపె ఉన్నది పొడుగాటి, సన్నని సింధుశాఖ ఒడ్డున. అటువంటి చోట ఆటుపోట్లు చాలా పెద్దవిగా ఉంటాయి. మన నెల్లూరు తీరాన సముద్రం మూడు నాలుగు అడుగులు లేచి దిగితే, అక్కడ ఇరవై అడుగులు లేచి దిగుతుంది! నీరు వెనక్కు పోయినప్పుడు ఎంతో దూరం తడి ఇసుక బయటపడుతుందనీ, ఆ ఇసుక దున్నిన చేనులాగా చాళ్ళు చాళ్ళుగా కనిపిస్తుందనీ రాశాడు.

సాయంత్రం మా ఇంటికి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు ఆ జాబు చదివి వినిపించాను. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు మొహం చిన్నబుచ్చుకొని, “మనకు సముద్రం లేదు గదా సార్! మనం యాడికి పోవాల?” అన్నాడు.

“మనకూ ఉన్నది. జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లు పోతే చాలు,” అన్నాను.

అందరూ నవ్వారు. ఒక్క పిల్లవాడు మాత్రం నవ్వలేదు. వాళ్ళది తాళ్ళప్రొద్దుటూరు. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు ఆ ఊరు మునిగిపోగా, వాళ్ళు జమ్మలమడుగుకు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. “ఇప్పుడు నేలున్న చోట ముందు నీళ్ళున్నాయా సార్?” అని అడిగాడు. నీళ్ళున్న చోట ముందు నేల ఉండేదని వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండేళ్ళ క్రిందటి సంక్రాంతి సెలవుల్లో, పెద్దల అనుమతి తీసుకొని, పదకొండు మంది పిల్లలతో మేము గండికోటకు బయలుదేరాము. తోడుగా ఇద్దరు తండ్రులు వచ్చారు. కోట పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నది గనుక లోపల విడిది చెయ్యలేదు. ఊరివాళ్ళను అడిగి, గోడకు వెలుపల చదునైన చోట గుడారాలు వేశాము. గుడారాలు అక్కడే అద్దెకు దొరుకుతాయి.

కోట సంగతి మీకు తెలిసిందే. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకున్న కొద్దికాలానికే, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చి అతన్ని చూశాడు. మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారం ఇంకా నిలిచి ఉన్నాయి. పిల్లలు గంటలో అవన్నీ చుట్టి వచ్చి, “సముద్రం ఏది సార్?” అని పట్టుకున్నారు.

వాళ్ళను ఉత్తరపు అంచుకు తీసుకుపోయాను. అక్కడ పెన్న ఎర్రమల కొండలను నిలువునా కోసుకొని పారుతుంది. ఆ కోతే గండి, అందుచేతనే గండికోట. లోతు సుమారు మూడు వందల అడుగులు. రెండు వైపులా ఎర్రటి రాయి, పుస్తకాల దొంతరలాగా పొరలు పొరలుగా ఉన్నది. దీన్ని ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అంటున్నారు. అంత చక్కని పేరు మనకుండగా అరువు పేరు ఎందుకో నాకు తెలియదు!

అంచుకు బాగా ఇవతల, కాళ్ళ కింద ఉన్న ఒక బండను చూపించి, “చేత్తో తడిమి చూడండి,” అన్నాను. బండ నిండా చిన్న చిన్న మిట్టలూ గాళ్ళూ, వరస తప్పకుండా, పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలు తడిమారు. అప్పుడు జేబులోనుంచి సాన్ ఫెలిపె ఫోటో తీసి బండ మీద పెట్టాను. ఫోటోలో ఇసుక చాళ్ళు, పక్కన రాతి చాళ్ళు, రెండూ ఒక్కటే!

ప్రొద్దుటూరు అబ్బాయి తండ్రిది బంగారు అంగడి. వాడు తండ్రి భూతద్దం అడిగి తెచ్చుకున్నాడు. దానితో రాయి విరిగిన చోట చూసి, “సార్, ఇది ఉత్త ఇసుకే!” అని కేక పెట్టాడు. నిజమే. అది పలుగురాతి ఇసుక. లోతు తక్కువైన సముద్రపు ఒడ్డున పేరుకున్నది. దాని మీద మరింత ఇసుక పడి, అడుగుది నొక్కుకుపోయింది. నేలలోని నీటిలో కరిగి ఉన్న సిలికా రేణువుల సందుల్లో చేరి, సిమెంటులాగా వాటిని అతికించింది. ఎరుపు రంగు ఇనుప తుప్పుది. ఇదంతా ఎప్పటి మాట? చెట్టూ చేమా లేవు, పక్షి లేదు, సముద్రంలో చేప కూడా పుట్టలేదు. ఆ రోజుల్లో ఒక అల వచ్చి ఇసుకలో ఈ చాళ్ళు తీర్చి పోయింది. వాటిని చెరిపే అల మళ్ళీ రాలేదు, అంతే.

మీరు ఇంట్లోనే ఈ చాళ్ళు తీర్చవచ్చు. వెడల్పాటి బేసినులో సన్నని ఇసుక అంగుళం మందాన పరచి, కొద్దిగా నీళ్ళు పోసి, మెల్లగా ఇటూ అటూ ఊపండి. కొంతసేపటికి ఇసుక చాళ్ళు కడుతుంది. రెండు వైపులా వాలు సమానంగా ఉంటే, నీరు ముందుకూ వెనక్కూ ఊగిందన్నమాట. ఒక వైపు వాలు నిటారుగా ఉంటే, నీరు ఒకే దిక్కుకు పారింది. రాతి మీద కూడా ఇదే లెక్క. పిల్లలు ఆ సాయంత్రమంతా బండలు వెతికి, ఏది అల తీర్చినది, ఏది ప్రవాహం తీర్చినది అని పోట్లాడుకున్నారు.

పులివెందుల నుంచి వచ్చిన అమ్మాయి తన సంచీలోనుంచి బూడిదరంగు రాయి ఒకటి తీసింది. వేంపల్లె దగ్గర వాళ్ళ చీనీ తోట గట్టున దొరికిందట. కోసిన క్యాబేజీలాగా దాని మీద గీతలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉన్నాయి. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా, అటువంటిది ఒక పిల్ల తనంత తాను ఏరి తేవడం అదే మొదటిసారి చూడటం! అది స్ట్రొమటొలైట్. కంటికి కనబడనంత చిన్న బాక్టీరియాలు లోతులేని నీటిలో జిగురు చాపలాగా పెరిగి, పొర మీద పొర సున్నపురాయిని పేర్చుకుంటూ పోయాయి. వేంపల్లె రాళ్ళు గండికోట రాళ్ళకంటె పాతవి. వాటి వయస్సు సుమారు నూట తొంభై కోట్ల సంవత్సరాలు. ఆ బాక్టీరియాల వంటివే ఆ కాలాన గాలిలోకి ప్రాణవాయువును వదిలాయి. అటువంటివి ఈనాడు బతికి ఉన్న చోట్లు ప్రపంచంలో కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ఒకటి మెక్సికోలోనే, బకలార్ అనే సరస్సు.

ఇంకొక మాట. 1872లో విలియం కింగ్ అనే ఆయన ఈ ప్రాంతపు రాళ్ళన్నిటినీ పరిశీలించి, భారత భూగర్భ పరిశోధన సంస్థకు గ్రంథం రాశాడు. కడప పేరు, జమ్మలమడుగు పేరు అందులో రాతి పొరలకు పెట్టాడు. వేంపల్లె, పులివెందుల, గండికోట అనే పేర్లు కూడా ఇప్పుడు భూగర్భ శాస్త్రంలో రాతి పొరల పేర్లే. ఎక్కడో ఏదో దేశంలో కూర్చున్న పండితుడు మీ ఊరిపేరు నోరు తిరగక అవస్థపడుతుంటాడని తలచుకోండి!

పొద్దు వాలింది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తిన్నాము. ఊరి పెద్దాయన ఒకరు వచ్చి కూర్చొని, “అయ్యవారూ, పొద్దుగూకినంక అంచు యాడుందో మాకే తెలీదు. తాడు కట్టుకోండి. పిల్లోళ్ళు చీకట్లో దారి తప్పితే నడవగూడదు, కూసోవాల. అది చెప్పండి,” అన్నారు. కూర్చోవాలన్న మాట పిల్లలకు చెప్పాను. తాడు మాత్రం తిన్న తరువాత కడదామనుకున్నాను.

చంద్రుడు లేడు. నక్షత్రాలు కిక్కిరిసి ఉన్నాయి. నెత్తిన పిల్లలకోడి, తూర్పున గొల్లకావడి. ఆంగ్లపు ఎమ్ అక్షరంలాగా ఉండే శర్మిష్ఠను చూపించి, ధ్రువ నక్షత్రాన్ని వెతకడం నేర్పాను. చేయి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. భూమధ్యరేఖకు మనం ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉంటే, ధ్రువ నక్షత్రం అన్ని డిగ్రీల ఎత్తున కనబడుతుంది. గండికోటలో పదిహేను, అంటే ఒకటిన్నర పిడికిళ్ళు. సాన్ ఫెలిపెలో ముప్పై ఒకటి, మూడు పిడికిళ్ళు. మనకు అది బాగా కిందుగా ఉంటుంది కాబట్టి చెట్ల కొమ్మలు అడ్డం వచ్చాయి. “అడ్డం లేని చోటినుంచి కొలవాలి,” అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఉత్తరాన అడ్డం లేని చోటు ఏదో ఆ క్షణాన నాకు తోచలేదు.

పడుకునే ముందు లెక్కపెడితే పది మందే ఉన్నారు. తాళ్ళప్రొద్దుటూరు పిల్లవాడు లేడు. నేను పేరు పెట్టి అరుస్తూ పరుగెత్తబోయాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకొని ఆపి, “మీరు పడితే ఇద్దరవుతారు,” అన్నారు. ఆయన మోకు నడుముకు కట్టుకొని, కొసను ఇద్దరు తండ్రుల చేతికిచ్చి, టార్చి నేలకు దించి, కర్రతో ముందు తట్టి చూసుకుంటూ కదిలారు. చీకట్లో టార్చి బండను చూపిస్తుంది గాని, బండ లేని చోటును చూపించదు. కొంతసేపటికి ముందునుంచి సన్నగా, “ఇక్కడ కూర్చున్నా సార్,” అని వినపడింది.

నక్షత్రం బాగా కనబడాలని వాడు టార్చి ఆర్పి నడిచాడట. పిడికిలి ఎత్తి కొలవబోయేసరికి, మొహానికి కిందనుంచి గాలి తగిలింది. గాలి కిందనుంచి రావడమేమిటని అనుమానం వచ్చి, ఉన్న చోటనే కూలబడ్డాడు. తెల్లవారి చూస్తే, వాడు కూర్చున్న చోటికీ అంచుకూ మధ్య రెండు బారలు ఉన్నది.

తప్పు నాది. రాత్రి తొమ్మిదింటికి తాడు కట్టాము. దాన్ని చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. సాయంత్రం వెచ్చగా ఉన్న బండ కోడికూత వేళకు మంచులాగా చల్లబడింది. పిల్లలను తీసుకుపోదలచిన తల్లిదండ్రులకు ఒక మాట. వెలుగు ఉండగానే, గుడారాలకంటె ముందు తాడు కట్టండి. అంచుకు రెండు వందల అడుగులు ఇవతలే ఆగండి. లోయలో నీరు మైలవరం జలాశయం దాకా నిలిచి ఉంటుంది. అందులో స్నానానికి దిగనివ్వకండి.

పొద్దున్నే పిల్లలు పెన్నను మళ్ళీ చూశారు. ఆ నది ఈ రాతిని రేణువు రేణువుగా అరగదీసి, నెల్లూరు జిల్లాలో సముద్రానికి చేరుస్తుంది. ఒకనాటి ఒడ్డు ఇసుక మళ్ళీ ఒడ్డుకే పోతున్నదన్నమాట. ఇప్పుడు గండికోట, మైలవరం, సోమశిల ఆనకట్టలు దానిలో చాలా భాగాన్ని దారిలో పట్టి ఉంచుతున్నాయి. మెక్సికోలోనూ అదే కథ. సాన్ ఫెలిపె ఉన్న సింధుశాఖ తలభాగాన పేరుకున్న ఇసుక, ఒండ్రు కొలరాడో నది తెచ్చినవి. గ్రాండ్ కాన్యన్‌ను కోసింది ఆ నదే. ఎన్నో ఆనకట్టలు కట్టి నీటిని మళ్ళించుకోవడంచేత అది ఇప్పుడు చాలా ఏళ్ళు సముద్రందాకా చేరదు.

తిరిగి వచ్చాక పిల్లలు సాన్ ఫెలిపెకు వెళ్ళినాయనకు జాబు రాశారు. “మీ ఒడ్డున అలలు కదులుతాయి, మా ఒడ్డున ఆగిపోయాయి,” అని పులివెందుల అమ్మాయి రాసింది. చివర తాళ్ళప్రొద్దుటూరు పిల్లవాడు తన లెక్క రాశాడు: “ధ్రువ నక్షత్రం ఒకటిన్నర పిడికిళ్ళు. కూర్చొని కొలిచినాను.”

మరుసటి క్రిస్మసు సెలవుల్లో వాళ్ళు మళ్ళీ సాన్ ఫెలిపెకు పోయారు. అక్కడినుంచి జవాబు వచ్చింది. వాళ్ళ చిన్నకూతురు లెక్క మూడు పిడికిళ్ళు, పైన ఒక వేలు.