చీకటి పడ్డాక విశాఖ పలుకుతుంది

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా నుంచి విశాఖపట్నం గాలి దారిన సుమారు 660 కిలోమీటర్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ కొలువులకొచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఉత్తరాంధ్ర కుటుంబాలకు అది రైల్లో ఒక రాత్రి ప్రయాణం. రేడియోకి మాత్రం పొద్దుగూకితే చాలు. పగలు మీడియం వేవ్‌లో విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలిపితే గరగర. చీకటి పడ్డాక అదే చోట తెలుగు మాట తేలి రాగలదు, కాసేపు దగ్గరై, కాసేపు దూరమై.

కారణం ఆకాశంలో ఉంది. 60–90 కిలోమీటర్ల ఎత్తున ఎండవల్ల ఏర్పడే ‘డి’ పొర పగలంతా మీడియం వేవ్‌లో నడిచే ఏఎం అలలను మింగేస్తుంది. సూర్యుడు దిగాక అది కరిగిపోతుంది. అప్పుడు అలలు ఇంకా పైకెళ్లి, 100 కిలోమీటర్లు, ఆ పైన ఉన్న పొరల్లో వంగి, ఎక్కడో దూరాన నేలకు దిగుతాయి. ఆ పొరలు కుదురుగా ఉండవు కనుకే శబ్దం పెరిగి తగ్గుతుంది. ఎఫ్ఎం అలలు వాటిని చీల్చుకుని అంతరిక్షంలోకి పోతాయి. ఖరగ్‌పూర్ మీదుగా చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఊరు దాటిన కొంతసేపటికే ఎఫ్ఎం వదిలేయడం అందుకే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. తుపాను దెబ్బ తగలని దూరపు కేంద్రం మాట రాత్రిపూట లారీ బ్యాటరీ మీద నడిచే రేడియోకి అందడం ఏఎంకే చెల్లింది.

దాని బలహీనతా నిమ్‌పురా రైల్వే యార్డు దగ్గరే తెలుస్తుంది. ఏఎంలో మాట అల ఎత్తుమీద సవారీ చేస్తుంది. కరెంటు తీగ దగ్గర రేగే ప్రతి నిప్పురవ్వా ఆ ఎత్తులో కలిసిపోతుంది. విద్యుత్ కార్లదీ ఇదే చిక్కు: మోటారుకు కరెంటు పంపే ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు కరెంటును తెంచి కలుపుతుంటే ఆ రొద మీడియం వేవ్‌లోకి పాకుతుంది. టెస్లా తన కార్లలో ఏఎం తీసేసింది. ఫోర్డ్ కూడా అదే దారి పట్టబోయి, ప్రమాద హెచ్చరికల మాట ముందుకొచ్చాక 2023 మే నెలలో వెనక్కి తగ్గింది.

కారులోని తీగలకు లోహపు తొడుగు, ఫిల్టర్లు వేస్తే ఆ రొద అణుగుతుంది. ఆ ఖర్చు దండగని నేననుకోను. బంగాళాఖాతం పక్కన బాలాసోర్ దాటి రాత్రిపూట బండి తోలేవాడికి ఆ బ్యాండు ఉండాలి.