కొట్టింది నిజమే సార్!

నరసరావుపేట కోర్టులో నేను వకీలు గుమస్తాని. కక్షిదారులు ప్లీడరు గారిని అడగలేనివి నన్ను అడుగుతారు. "నేరం ఒప్పేసుకుంటే శిక్ష తగ్గుద్దా అన్నా?" అన్నది వాటిల్లో ఒకటి. పేకాట కేసయితే ఒప్పుకుని, ఫైను కట్టి ఇంటికి పోవచ్చు. మనిషి పోయిన కేసులో అలా కుదరదు.

ఇంగ్లండులో మొదటి వాయిదాకే ఒప్పుకున్నవాడికి మామూలుగా శిక్షలో మూడో వంతు తగ్గిస్తారు. మనకా కొలత లేదు. 2006లో ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని శిక్ష తగ్గించుకునే ఒప్పందం, అమల్లోకి వచ్చినా, ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు అది వర్తించదు. హత్య కిందకు రాని నరహత్యకు, అంటే మేం 304 అనేదానికి, చంపే ఉద్దేశం ఉంటే యావజ్జీవం దాకా, ఆ ఉద్దేశం లేకుండా చావొచ్చని తెలిసే కొడితే (రెండో భాగం) పదేళ్ల దాకా పడొచ్చు.

హత్య నేరం, అంటే 302 కింద ఛార్జి చదివి జడ్జిగారు అడిగితే, "కొట్టింది నిజమే సార్, చావాలని కొట్టలేదు" అంటాడు ముద్దాయి. వాడి దృష్టిలో అంతా ఒప్పేసుకున్నట్టే. అది హత్యా, 304నా అన్న అసలు తగాదా మాత్రం అక్కడే మొదలు. పూర్తిగా ఒప్పుకున్నా, దాని మీదే శిక్ష వేయాలన్న నిర్బంధం జడ్జికి లేదు, సాక్ష్యం వినొచ్చు.

ఈ తగాదాకి దేశమంతా చెప్పుకునే తీర్పు మన రొంపిచర్లదే. 1968 జులైలో పార్టీ కక్షల మధ్య ఒక పెద్దాయన నరసరావుపేట బస్సెక్కితే, నెకరికల్లు అడ్డరోడ్డు దగ్గర కర్రలతో కొట్టారు. దెబ్బలన్నీ కాళ్లూ చేతుల మీదే, మొత్తం పంతొమ్మిది గాయాలు. మర్నాడు ఆస్పత్రిలో ప్రాణం పోయింది. సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది. ఆయువుపట్టు మీద కొట్టలేదు కదా అని హైకోర్టు 304 రెండో భాగానికి దించి, ఐదేళ్లు చేసింది. 1976లో సుప్రీంకోర్టు మళ్లీ హత్యే అంది. కావాలనే అన్ని దెబ్బలు కొట్టారు, మామూలుగా మనిషి చావడానికి ఆ గాయాలు చాలు అన్నది దాని లెక్క. ముద్దాయి పేరుతో పున్నయ్య కేసు అంటే లా చదివే పిల్లలందరికీ తెలుసు. శవం అదే, గాయాలవే, ఐదేళ్లు కాస్తా యావజ్జీవమైంది. ఒప్పుకోలు కన్నా ఈ మెలికే ఎక్కువ ఏళ్లు తేలుస్తుందని నా అభిప్రాయం.

నేరం రుజువయ్యాక శిక్ష మీద విడిగా వింటారు. "ఏమన్నా చెప్పుకుంటావా?" అంటే పిల్లలున్నారంటారు, ముసలి తల్లి ఉందంటారు. జడ్జి అదీ రాసుకుంటారు. వాటితో పాటు కర్రా గొడ్డలా, ఒక దెబ్బా పదా, అప్పటికప్పుడు రేగిన గొడవా కాపుకాసి కొట్టిందా, పాత కేసులున్నాయా అన్నవీ చూస్తారు. ఒప్పుకోలు అక్కడ పశ్చాత్తాపం కింద కొంత పనికొస్తుంది. రిమాండులో గడిపిన రోజులు మాత్రం శిక్షలోంచి తీసేస్తారు.

2024 జులై 1 నుంచి 304 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 105 వచ్చింది. చంపే ఉద్దేశం ఉందని తేలితే ఇప్పుడు ఐదేళ్ల కంటే తగ్గించే వీల్లేదు. అంతకు ముందు జరిగిన గొడవలకు పాత 304 లెక్కే.